మంటల్లో మావయ్య

ఎంసెట్‌లో నాకొచ్చిన ర్యాంకు చూసి మా నాన్న, "గుడివాడ కోచింగుకి వెళ్లకపోయినా ఇది వచ్చేది కదమ్మా" అన్నారు. ఆయన చల్లపల్లిలో లెక్కల మాస్టారు. ఖాళీగా కూర్చుంటే సంబంధాలు మొదలవుతాయని భయపడి అమ్మ నన్ను బందరులో డీటీపీ కోర్సులో చేర్పించింది. రెండు వేల సంవత్సరం దాటిన కొత్త అది. తెలుగు టైపింగ్ నేర్చుకోమని పంపితే నేను ఫోటోషాప్ పట్టుకున్నాను. ఒకరి తల కత్తిరించి ఇంకొకరి మెడ మీద పెట్టొచ్చని తెలిశాక టైపింగ్ మీద భక్తి పోయింది.

అమ్మకి అన్నయ్య, మా పెద్ద మావయ్య, అవనిగడ్డ దగ్గర ఒక ఊళ్లో పాస్టరు. కరెంటు పోయి మైకు ఆగినా ఆ సంగతి ఎవరికీ తెలియనంత గొంతు. ఆ చలికాలం ఉజ్జీవ సభలకు పోస్టరు చేసే పని నాకు అప్పగించారు.

నేను రెండు రోజులు కష్టపడి, తెల్ల కాగితం మధ్యలో చిన్న దీపం, కింద ప్రసంగీకుడి పేరు, తేదీలు పెట్టాను. మావయ్య దాన్ని తిప్పి వెనకవైపు కూడా చూశారు.

"మిగతాదేదే?"

"అంతే మావయ్యా. ఖాళీ ఉంటేనే చూపు దీపం మీదికెళ్తుంది."

"కాగితం మొత్తానికీ డబ్బులిస్తున్నాం. సగం ఎందుకొదిలెయ్యాలి? పావురాన్ని పెట్టు, గొర్రెపిల్లని పెట్టు. నేను ప్రసంగం చేస్తున్న ఫొటో ఉందిగా, అది పెద్దగా పెట్టు. పక్కన మీ అత్తయ్యని పెట్టు. వెనకాల అగ్ని పెట్టు."

"అగ్నా?"

"పరిశుద్ధాత్మ అగ్ని. బాగా మండాలి!"

చెప్పింది చెప్పినట్టే చేశాను. మా సెంటర్లో ఉన్న సీడీలో దొరికిన మంట ఒక్కటే, ఏదో ఇల్లు తగలబడుతున్నది. ఫొటోలో మావయ్య నోరు తెరిచి, రెండు చేతులూ పైకెత్తి ఉన్నారు. అత్తయ్య మాత్రం చల్లగా నవ్వుతోంది. కంప్యూటర్లో చూసి మావయ్యే "స్తోత్రం" అన్నారు. చల్లపల్లి నుంచి నాగాయలంక దాకా గోడలన్నిటికీ అంటించారు.

మర్నాడు చల్లపల్లి బస్టాండులో ఇద్దరు పెద్దమనుషులు ఆ పోస్టరు ముందు నిలబడి ఉన్నారు.

"పాపం, ఎవరండీ కాలిపోతున్నారు?"

"గ్యాసు జాగ్రత్తల గురించేమోనండీ."

"మరి ఆవిడెందుకు నవ్వుతోంది?"

నేను బస్సెక్కకుండా ఇంటికొచ్చేశాను. సాయంత్రానికి మావయ్య దిగారు. కాఫీ కూడా ముట్టుకోలేదు.

"బతికుండగానే నన్ను నరకానికి పంపావు కదే!"

"మీరే బాగా మండాలన్నారు."

నాన్న పెరట్లోకి వెళ్లిపోయారు. దగ్గుతున్నారనుకుంది అమ్మ.

తీరా చూస్తే సభలకు జనం విరగబడి వచ్చారు. షామియానా చాలక పక్క చేల గట్ల మీద కూర్చున్నారు. కాలిపోయిన అయ్యగారు ఎలా ఉన్నారో చూద్దామని వచ్చినవాళ్లే సగం మంది. మావయ్య మైకు తీసుకుని, "నేను క్షేమంగానే ఉన్నాను" అని మొదలుపెట్టాల్సి వచ్చింది.

ప్రసంగీకుడు వైజాగ్ ఆయన. ఆఖరి రోజు మా ఇంట్లో భోజనం చేస్తూ పోస్టరు ఎవరు చేశారని అడిగారు. మావయ్య దొంగని చూపించినట్టు నన్ను చూపించారు. అమ్మకి పౌరుషం వచ్చింది. "ముందు చేసింది వేరేనండీ" అంటూ అలమరలో పచ్చడి జాడీల కింద పరిచిన నా మొదటి పోస్టరు లాక్కొచ్చింది. దాని మీద నూనె మరకలు. ఆయన తినడం ఆపి చాలాసేపు చూశారు.

"మా అబ్బాయి వైజాగ్‌లో చదివేది ఇదేనండీ. గ్రాఫిక్ డిజైనంటారు. నాలుగేళ్ల డిగ్రీ."

"ఖాళీ వదలడానికి నాలుగేళ్లాండీ?" అన్నారు నాన్న.

నేను మాత్రం అన్నం కలపడం మర్చిపోయాను. నేను చేసేదానికి ఒక పేరుందని, అది చదువేనని అప్పటిదాకా నాకెవరూ చెప్పలేదు.

"పంపించండి బావగారూ. వైజాగ్ దూరం కూడానూ" అన్నారు మావయ్య ఆశగా.

వేసవిలో ప్రవేశ పరీక్ష రాశాను. జ్ఞాపకం నుంచి సంత బొమ్మ వెయ్యమన్నారు. నాగాయలంకలో చేపలమ్మే ఇద్దరు ఆడవాళ్లు జుట్లు పట్టుకున్న రోజు వేశాను. సీటొచ్చింది.

చేరిన మొదటి వారమంతా బ్రష్షుతో 'అ' రాయించారు. ఆదివారం ఎస్‌టీడీ బూత్ నుంచి నాన్నకి ఫోన్ చేశాను.

"ఏం చెబుతున్నారమ్మా?"

"'అ' దిద్దిస్తున్నారు నాన్నా."

"మంచిది. 'ఆ' లోకి వచ్చాక మళ్లీ ఫోన్ చెయ్యి" అన్నారు.