మ్యూజియం పేరంటం

మా పిన్ని లక్ష్మీప్రసన్న చేసే ఉద్యోగం ఏమిటో మా బంధువుల్లో చాలామందికి అర్థమయ్యేది కాదు. బెజవాడలో ఒక ట్రస్టు నడిపే మ్యూజియంలో ఆమె కార్యక్రమాల కోఆర్డినేటరు. నెలకో ఆదివారం అక్కడి హాల్లో ప్రసంగమో ప్రదర్శనో ఏర్పాటు చేయాలి. దానికి జనాన్ని రప్పించాలి.

"అంటే విగ్రహాలకి కాపలానా?" అని అడిగేవాళ్లు పెళ్లిళ్లలో.

"కాదండి. విగ్రహాల దగ్గరికి మనుషుల్ని తీసుకొచ్చే పని."

"వాళ్లంతట వాళ్లు రారా ఏంటి?"

రారు. చిక్కంతా అక్కడే ఉంది.

పిన్ని పుట్టిల్లు జగ్గయ్యపేట. మా తాతయ్య దశరథరామయ్యది అక్కడ పప్పుల హోల్‌సేల్ కొట్టు. మెట్టినిల్లు నందిగామ. చరిత్రలో ఎం.ఏ. చేసి, పెళ్లయ్యాక కూడా పట్టుబట్టి ఆ ఉద్యోగంలో చేరింది. పొద్దున్నే నందిగామలో బస్సెక్కడం, చీకటి పడేవేళకి తిరిగి రావడం. ఉద్యోగం కూడా ఏడాదికోసారి ట్రస్టు కమిటీ వాళ్లు పొడిగిస్తేనే ఉంటుంది.

2001లో ఆ పొడిగింపు అనుమానంలో పడింది. మంచి ఆర్టు కాగితం మీద ఆహ్వానాలు అచ్చువేయించి, నగరంలోని పెద్దల పేర్లన్నీ రాసి పోస్టులో పంపేవాళ్లు. ఆదివారం వచ్చేసరికి హాల్లో ప్రసంగించే ఆయన, వాచ్‌మన్, ఎండకి తట్టుకోలేక ఫ్యాను కోసం లోపలికొచ్చిన ఇద్దరు ముగ్గురు ఉండేవారు. ఒకసారి ఆ ఫ్యాను కోసం వచ్చినాయన ముందు వరసలో గురకపెట్టి నిద్రపోయాడు. ప్రసంగించే ఆయన గొంతు తగ్గించి మాట్లాడాడు, లేపడం ఇష్టం లేక.

డైరెక్టరు అనంతపద్మనాభం గారు మెత్తటి మనిషి. చెడ్డ మాట చెప్పాల్సివస్తే కళ్లజోడు తీసి తుడుచుకుంటూ చెప్పేవారు. ఆ రోజు చాలాసేపు తుడిచారు.

"అమ్మా, శ్రావణమాసం చివరి ఆదివారం కమిటీ వాళ్లంతా వస్తున్నారు. హాలు ఇలాగే ఉంటే మీ పోస్టు తీసేద్దామని వాళ్ల ఆలోచన. నేను చెప్పి చూశాను."

ఆ ఆదివారం ప్రసంగం విషయం పాత శిల్పాల్లో ఆడవాళ్ల నగలు, జడలు. పిన్ని చాలా ఇష్టపడి ఎంచుకున్నది. దానితోనే ఉద్యోగం పోతుందేమోనని దిగులు పట్టుకుంది.

వరలక్ష్మీ వ్రతానికి పుట్టింటికి వెళ్లినప్పుడు ఆ దిగులు మొహంలో కనపడింది. సాయంత్రం పేరంటానికి ఇల్లు పట్టనంత మంది ఆడవాళ్లు వచ్చారు. హాలు నిండి, వసారా నిండి, మెట్ల మీద కూడా కూర్చున్నారు. పిన్ని శనగలు పంచుతూ పంచుతూ ఆగిపోయింది.

"అమ్మా, వీళ్లందరూ ఎలా వచ్చారే?"

మా అమ్మమ్మ పుష్పవతి ఆమెను ఎగాదిగా చూసింది. "ఎలా రావడమేంటి? బొట్టు పెట్టి పిలిచా, వచ్చారు. మీ మ్యూజియం వాళ్లు ఎవర్నన్నా పిలిచారా?"

"కార్డులు పంపామమ్మా."

"కార్డు పంపితే కార్డు అందుతుంది. మనుషులెందుకొస్తారు?"

పిన్ని మర్నాడే కుంకుమ భరిణె పట్టుకుని బయల్దేరింది, తోడు అమ్మమ్మ. ముందు నందిగామ వెళ్లి తన వీధి, పక్క వీధి చుట్టేసింది. తరువాత జగ్గయ్యపేట. గడప గడపకీ వెళ్లి ఆడవాళ్లకి బొట్టు పెట్టి, "ఆదివారం మా మ్యూజియానికి రావాలండి" అని చెప్పడం.

"శుభం. ఎవరిదమ్మా, అబ్బాయిదా అమ్మాయిదా?"

"పెళ్లి కాదు అత్తయ్యగారూ. మ్యూజియం."

"మ్యూజియానికి గృహప్రవేశమా?"

"కాదండి. పాతకాలపు నగలు, జడలు ఎలా ఉండేవో శిల్పాల్లో చూపిస్తారు. బస్సు పెడుతున్నాం."

"నగలంటే మరి మేం కూడా పెట్టుకుని రావాలా?"

"మీ ఇష్టమండి."

"అయితే వస్తున్నా" అనేవాళ్లు. బొట్టు పెట్టించుకున్నాక రానంటే తప్పు కదా.

బస్సులకి తాతయ్య ఒక స్కూలు యజమానితో మాట్లాడాడు. ఆదివారం ఖాళీగా ఉండే బస్సులు రెండు ఇస్తానన్నాడాయన. పని అయిపోయినట్టే అనిపించింది. కానీ శుక్రవారం సాయంత్రం, పిన్ని పుట్టింట్లో ఉండగా, తాతయ్య కొట్టు కట్టేసి వచ్చి, చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏమే, మన పేట బస్సులో ఎవరూ ఎక్కేట్టు లేరు."

"అందరూ వస్తామన్నారు కదా నాన్నా."

"అన్నారు. ఇప్పుడు చూద్దాంలే అంటున్నారు. ఏసురత్నం టీచర్ గారి గుమ్మం ముందు నుంచే నడిచెళ్లి ఆవిణ్ణి పిలవలేదంట నువ్వు. బజారంతా అదే మాట. టీచర్ గారిని కాదని మేమెట్టా వెళ్తాం అంటున్నారు."

ఏసురత్నం గారు బాలికల హైస్కూల్లో పనిచేసి రిటైరయిన హెడ్మిస్ట్రెస్. ఆ వీధుల్లో బొట్టు పెట్టించుకున్న ఆడవాళ్లలో సగంమందికి పైగా ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్లే. పిన్ని కూడా. పిలుపులకి వెళ్లిన రోజు ఆవిడ వరండాలోనే కూర్చుని ఉన్నారు. తన చేతిలో కుంకుమ భరిణె ఉంది, ఆవిడ చర్చికి వెళ్లే మనిషి, బొట్టు పెట్టనా అంటే ఏమనుకుంటారో అని పిన్ని తడబడింది. ఒక నవ్వు నవ్వి దాటిపోయింది.

ఇప్పుడు పిన్ని ఆ వరండా మెట్లు ఎక్కింది. టీచర్ గారు చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నారు. తలెత్తలేదు.

"ఎవరూ? దారి తప్పావా?"

"లేదండి. ఆ రోజు... మీకు బొట్టు పెట్టొచ్చో లేదో తెలీక..."

"బొట్టు సంగతి తెలీకపోతే నోరుంది కదా. బళ్లో నీకు నోరు పెగలడం లేదనే రోజూ నీ చేత ప్రతిజ్ఞ చెప్పించా. ఏం లాభం."

పిన్ని అక్కడే చాప మీద కూలబడింది. కమిటీ సంగతి, పోస్టు సంగతి అంతా చెప్పేసింది. "మీరు రావాలి టీచర్ గారూ. మీరు రాకపోతే ఎవరూ రారు. ఎవరూ రాకపోతే నేనింక ఇంట్లో కూర్చోవాలి."

టీచర్ గారు చిక్కుడుకాయల చేట పక్కన పెట్టారు.

"నా సంగతి సరే. ఇంకా ఎవరెవర్ని దాటుకుంటూ పోయావు?"

పిన్ని చాప అంచు సర్దింది.

"జాకెట్లు కుట్టే షరీఫాని పిలిచావా?"

"లేదండి."

"ప్రసూనాంబని?"

పిన్ని తల దించుకుంది. ప్రసూనాంబ గారి భర్త పోయి ఏడాది దాటింది. భరిణెతో ఆ గుమ్మంలోకి ఎలా వెళ్లాలో తెలియక అసలు ఆ సందులోకే తిరగలేదు.

"లే. చెప్పులేసుకొస్తా."

ఇద్దరూ బయల్దేరారు. షరీఫా మిషను తొక్కడం ఆపకుండానే విని, "నా పనే జాకెట్లు. ఆ బొమ్మలు ఏం తొడుక్కున్నాయో నేను చూడాలి గదా" అంది. ప్రసూనాంబ గారు మాత్రం వాళ్లని చూసి తలుపు వెనక్కి జరిగారు. పిన్ని ఈసారి భరిణె తేలేదు. లోపలికి వెళ్లి ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది.

"పెద్దమ్మా, ఆదివారం మా మ్యూజియంలో కార్యక్రమం. మీరు రావాలి."

"నేనెందుకమ్మా. అందరూ పసుపూ కుంకాలతో వస్తారు. నేనెక్కడో వెనక..."

"వెనక కాదు. మొదటి వరసలో మీకు కుర్చీ ఉంటుంది."

"నా పక్కన" అన్నారు ఏసురత్నం గారు. "వెనక కూర్చుంటే నీకు కనపడదు కూడా. ఆ కళ్లజోడు మార్చమని ఎన్నిసార్లు చెప్పాను?"

ప్రసూనాంబ గారు ఏడుస్తూనే నవ్వారు. వాళ్లు బయటికొచ్చేసరికి సందు చివర ఇద్దరు నిలబడి చూస్తున్నారు. రాత్రి భోజనాల వేళకే బజారులో మాట మారిపోయింది.

ఆదివారం మధ్యాహ్నం జగ్గయ్యపేట బస్సులో సీట్లు చాలలేదు. నందిగామలో ఇంకో బస్సు ఎదురు చూస్తోంది, అదీ నిండింది. రెండు బస్సులూ మ్యూజియం గేటు ముందు ఆగి, పట్టుచీరలు, పూలు, మాటలు, చంటిపిల్లలు అన్నీ ఒక్కసారి కిందికి దిగడం చూసి వాచ్‌మన్ అనంతపద్మనాభం గారి గదికి పరిగెత్తాడు. "సార్, ఎవరిదో పెళ్లి మన దగ్గరికొచ్చింది."

కుర్చీలు అయిపోయాయి. ఆఫీసు గదుల్లోవి తెచ్చారు, అవీ అయిపోయాయి. కమిటీ వాళ్లు తాము కూర్చున్నవి ఇచ్చి గోడ పక్కన నిలబడ్డారు. మొదటి వరసలో ఏసురత్నం గారు, పక్కన ప్రసూనాంబ గారు. లైట్లు ఆర్పి తెర మీద శిల్పాల బొమ్మలు వేయగానే హాలంతా గుసగుసలు.

"ఆ వడ్డాణం చూడవే, ఎంత బరువో."

"మోసింది రాతి మనిషి కదా, నీలాగా నడుం నొప్పి ఉండదు."

"షరీఫా, ఆవిడకి జాకెట్టు కుట్టగలవా?"

"కొలతలిస్తే కుడతా. ముందు నీ బాకీ తీర్చి, కుట్టిన జాకెట్టు పట్టుకెళ్లు."

ప్రసంగించే ఆయన రాసుకొచ్చిన కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని, అడిగినవాటికి జవాబులు చెప్పడం మొదలుపెట్టాడు. ఒక బొమ్మ దగ్గర ప్రసూనాంబ గారు మెల్లగా చెయ్యెత్తారు.

"బాబూ, అంత పొడుగు జడ ఎవరికి వాళ్లు వేసుకోలేరు. ఆవిడకి ఎవరు వేసేవారు?"

ఆయన ముఖం వెలిగింది. తెర దగ్గరికి వెళ్లి, ఆ బొమ్మ భుజం వెనక సగం మాత్రమే కనబడుతున్న ఇంకో స్త్రీ చేతిని వేలితో చూపించాడు. అందరూ ముందుకి వంగి చూశారు. ఆ తరువాత చప్పట్లు.

వెళ్లేటప్పుడు ఒక్కొక్కరికీ తమలపాకులు, అరటిపండు, వాటితోపాటు ఒక శిల్పం బొమ్మ ఉన్న కార్డు చేతిలో పెట్టింది పిన్ని. అందరికీ ఒకేలా. గోడ పక్కన నిలబడ్డ కమిటీ పెద్దాయన కూడా చెయ్యి చాపాడు.

"పోస్టు ఎక్కడికీ పోదమ్మా" అన్నాడు అరటిపండు జేబులో సర్దుకుంటూ. "ఏడాదికోసారి పొడిగించే గొడవ కూడా వద్దు. పద్మనాభం గారూ, రేపే రాసేయండి."

అనంతపద్మనాభం గారు కళ్లజోడు తుడవలేదు. పిన్ని దగ్గరికొచ్చి, "వచ్చే నెలకి మైలవరం వైపు వెళ్దామా?" అన్నారు. "నేనూ వస్తా. నన్ను కూడా గుమ్మంలోకి రానిస్తారంటారా?"

"పిలవడానికెళ్తే ఎవరైనా రానిస్తారండి."

తిరుగు ప్రయాణంలో పిన్ని జగ్గయ్యపేట బస్సులోనే ఎక్కింది. నందిగామలో దిగబోతుంటే రెండో బస్సులోంచి దిగిన ఆడవాళ్లు చుట్టుముట్టారు. పేట వాళ్లకి మొదటి వరస కుర్చీలిచ్చి మాకు వెనక వేశారేంటి, మెట్టినింటివాళ్లమంటే అంత లోకువా అని వాళ్ల ఫిర్యాదు. పేట వాళ్లు కిటికీల్లోంచి తలలు బయటపెట్టి, పుట్టింటివాళ్లం కదా, ముందు మేమే అని జవాబు. డ్రైవరు హారన్ కొడుతున్నాడు. ఎవరూ వినిపించుకోవడం లేదు. పిన్ని రెండు బస్సుల మధ్య రోడ్డు మీద నిలబడి, ఇద్దరికీ సర్దిచెబుతూ, గొంతు బొంగురుపోయి, గట్టిగా నవ్వుతోంది.