చేపలకు పిండి ఉండలు

మా మామగారి మీద నాకింకా కోపం పోలేదు. ఆయన పోయి ఏళ్ళయింది. పోయినవాళ్ళ మీద కోపం పెట్టుకోకూడదంటారు. అనేవాళ్ళని అననీ! నా మొగుణ్ణి నిలబెట్టిన కర్రను ఆయన మోకాలికేసి విరిచిన చప్పుడు నా చెవుల్లో ఇంకా ఉంది.

డెబ్భైల మధ్యలో సంగతి. పాతబస్తీలో, జహనుమాలో ఉండేవాళ్ళం. మామగారిది గుళ్ళో అర్చకత్వం. సాయంత్రాలు అరుగు మీద కూర్చుని జాతకాలు చూసేవారు. ఆయన ఒక్కగానొక్క కొడుకు, అంటే మా ఆయన, సర్కారు ఆఫీసులో గుమాస్తా. ఆ ఎండాకాలం మా ఆయన మాట్లాడటం మానేశాడు. ఏం జరిగిందని అడిగితే ఇప్పటికీ చెప్పలేను. ఏమీ జరగలేదు. పొద్దున లేచి గోడ వైపు తిరిగి కూర్చునేవాడు, అంతే. పెట్టిన కంచం పెట్టినట్టే ఉండేది. సెలవు చీటీ పంపించాం. దసరాలోగా డ్యూటీలో చేరకపోతే ఉద్యోగం ఉండదని కబురొచ్చింది. నాకు ఉద్యోగం కన్నా పెద్ద భయం ఇంకొకటి ఉండేది. ఆయన బావి దగ్గరికి వెళ్ళినప్పుడల్లా వెనకే వెళ్ళేదాన్ని.

ఇంట్లో ఒక్కరికైనా పట్టిందా? "కూసొని తింటే కొండలైనా కరుగుతయి," అని సణిగేది మా అత్తగారు. మామగారు ఒక తాయెత్తు కట్టి, "శని నడుస్తున్నది, అదే పోతది," అన్నారు. చుట్టాలు వచ్చి చాయ్ తాగి, నా వైపు చూసి, "ఏం లొల్లి పెట్టినవమ్మా మొగనితోని?" అని అడిగి పోయేవారు. ఆ చూపులు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

పట్టించుకున్నది మా ఇంటి మనిషి కాదు. బార్కస్ నుంచి సైకిల్ మీద జామపండ్లు తెచ్చి మా గల్లీలో అమ్మే ఒక ముసలాయన. చాచా అనేవాళ్ళం. రోజూ కిటికీలోంచి మా ఆయన వీపు చూసేవాడు. ఒకరోజు సైకిల్ ఆపి, "బేటీ, భాయ్‌ని నాతోని చెరువుకు పంపియ్. రోజూ చేపలు పట్టుకుంట కూసుంట. మాట్లాడాల్సిన పని లేదు, పక్కకు కూసుంటే చాలు. ఫికర్ చెయ్యకు," అన్నాడు.

మాది గుడి వాళ్ళ ఇల్లు. చేప పేరెత్తితేనే నోరు కడుక్కునేవాళ్ళం. అయినా పంపించాను. డాక్టర్ గాలికి తిరగమన్నాడని మామగారికి అబద్ధం చెప్పాను.

మొదటి వారం తేడా ఏమీ లేదు. మధ్యాహ్నం చాచా సైకిల్ వెనక కూర్చుని పోయేవాడు, దీపాలు పెట్టే వేళకు వచ్చేవాడు. రెండో వారంలో ఒకనాడు వచ్చి, కాళ్ళు కడుక్కుని, "ఆకలైతున్నది," అన్నాడు. నేను వంటింట్లోకి పోయి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చి, ఆ తరువాత అన్నం వడ్డించాను. ఇంకో వారానికి తెల్లవార్లూ నిద్రపోయాడు. ఒకరోజు చెరువు మీద కొంగలు ఎలా దిగుతాయో చేత్తో చూపించాడు. చాచా ఆయనకంటూ ఒక వెదురు కర్ర ఇచ్చాడు. దాన్ని పెరట్లో కట్టెల వెనక దాచేవాళ్ళం. ఎర కోసం రోజూ నేనే గోధుమ పిండి కలిపి ఆకులో కట్టి ఇచ్చేదాన్ని.

చెడగొట్టింది నేనే. చాచా చేపలు వేసుకునే బుట్ట సైకిల్‌కే కట్టి ఉండేది. ఆ నీచు వాసన మా ఆయన చొక్కాకు అంటింది. దాన్ని మడిబట్టల దండెం మీద వెయ్యడానికి నాకు చేతులు రాలేదు. గోరింట చెట్టు మీద వేరేగా ఆరేశాను. మడి ఇంట్లో ఒక బట్ట వేరేగా ఆరితే కనిపెట్టని అత్తగారు ఉంటుందా? "గదేంది, గా చొక్కా గాడెందుకున్నది?" అని అడిగింది. ఆవిడ దాన్ని తీసి దండెం మీద వేస్తే మైలపడుతుందన్న భయంతో ఉన్నదున్నట్టు చెప్పేశాను. మొగుడు మనిషైతే చాలని వెయ్యి మొక్కులు మొక్కినదాన్ని, దండేనికి భయపడ్డాను. ఛీ, ఏం బుద్ధి నాది!

మామగారు కట్టెల వెనక నుంచి కర్ర లాగారు. "మన ఇంట్ల జీవహింసనా? ఏ మొఖం పెట్టుకొని గుడి మెట్లెక్కాలె?" అంటూ విరిచి పారేశారు. మా ఆయన చూస్తూ నిలబడ్డాడు. లోపలికి పోయి గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. మూడు రోజులు కంచం మళ్ళీ పెట్టినట్టే ఉంది. దసరా పది రోజుల్లోకి వచ్చింది.

నాలుగో రోజు ఆ ముక్కలు పొయ్యిలో పెడదామని తీశాను. గాలం ఎవరి కాల్లోనైనా గుచ్చుకుంటుందని ముందు దారం విప్పాను. నీళ్ళ మీద తేలే బెండు ఉంది. గాలం లేదు. దారం చివర ఒట్టి ముడి. చాచా గల్లీలోకి రాగానే అడిగాను.

"కర్ర ఇచ్చిన దినమే కోసేసిన బేటీ," అన్నాడు. "నేను చేప నోట్లకెళ్ళి గాలం తీస్తుంటే భాయ్ చూడలేకపోయిండు. ముడికి పిండి పెట్టి ఇడుస్తడు. చేపలొచ్చి తిని పోతయి. బెండు ఆడుతుంటే చూసుకుంట కూసుంటడు, గంతే."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మనసు బాగాలేదని వచ్చిన ప్రతివాడికీ మా మామగారు చెప్పే పరిహారం ఏమిటో తెలుసా? చేపలకు గోధుమ పిండి ఉండలు వెయ్యమని! ఆ మాట కోసం యాకుత్‌పురా నుంచి కూడా జనం వచ్చి దండం పెట్టి పోయేవారు.

అప్పుడూ అరుగు మీద ఇద్దరు జాతకం చూపించుకుంటున్నారు. పరాయివాళ్ళున్నప్పుడు కోడలు అక్కడికి రాకూడదు. వెళ్ళాను. కర్ర ముక్కలు ఆయన పంచాంగం మీద పెట్టాను.

"గాలం ఏడున్నదో చూపియ్యండి మామయ్యా. మీ కొడుకు ఇన్ని దినాలు చేపలకు పిండే ఏసిండు. ఊరోళ్ళు ఏస్తే పుణ్యం, మీ కొడుకు ఏస్తే పాపమా?"

ఆయన దారం చివరి ముడిని వేళ్ళతో పట్టుకుని చూశారు. వచ్చినవాళ్ళు లేచి చెప్పులు వేసుకున్నారు.

మర్నాడు చాచా కొత్త కర్ర తెచ్చాడు. నేను పిండి కలుపుదామని వంటింట్లోకి పోతే, ఇత్తడి గిన్నెలో అప్పటికే ఉండలు చేసి ఉన్నాయి. అన్నీ ఒకే కొలత, నైవేద్యానికి చేసినట్టు. మామగారి చేతి పని అని చూడగానే తెలిసింది. తప్పైందని నోటితో అనడానికి పెద్దరికం అడ్డమొచ్చిందేమో! గిన్నె తీసుకుని పెరట్లో పారబోయబోయాను. మా ఆయన గోడ దగ్గర నుంచి లేచి వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు.

"పారబొయ్యకు. ఎవలు కలిపిన్రో చేపలకేం తెల్సు," అన్నాడు.

కర్ర విరిగాక ఆయన నోటి నుంచి నేను విన్న మొదటి మాట అది. గిన్నె తీసుకుని చాచా సైకిల్ వెనక ఎక్కాడు. దసరా ఇంకా రెండు రోజులుందనగా డ్యూటీలో చేరాడు. తండ్రిని ఆయన ఆనాడే క్షమించాడు, అది ఆయన మంచితనం. నేను క్షమించలేదు. ఆ చొక్కాను వేరేగా ఆరేసిన నా చేతుల్ని కూడా.