సలోమిని గోడమీద పిల్లి అన్నాను

ఏళ్ల తరబడి ఒక అబద్ధాన్ని గుండెల మీద కుంపటిలా మోస్తున్నాను. ఇంట్లో చెప్పలేదు. మీకు చెబుతున్నాను, ఎందుకంటే మీరు నన్నెరగరు.

నరసరావుపేటలో ఒక కాలేజీలో రాజనీతిశాస్త్రం చెప్పేవాణ్ణి. ఒకసారి వక్తృత్వ పోటీ పెట్టాం. ప్రపంచంలో పెత్తనం చేతులు మారుతోంది, ఇప్పుడు భారతదేశం ఎటు నిలబడాలి? అదీ విషయం. గెలిచినవాళ్లకు ఢిల్లీలో పైచదువు, ఖర్చంతా దాతలది. తీర్పు నాది.

చివరికి ఇద్దరు మిగిలారు. ఒకడు మా ఊరి పెద్దాయన కొడుకు. అమెరికాతో గట్టిగా కలిసిపోవాలి, అప్పుడే సరిహద్దులో చైనా తగ్గుతుందన్నాడు. ఇంకొకరు సలోమి, కౌలురైతు కూతురు. అమెరికాతో వ్యాపారం చేద్దాం, రష్యా దగ్గర ఆయుధాలు కొందాం, సరిహద్దు మాత్రం మన బలంతోనే కాచుకుందాం, ఎవరి యుద్ధమూ నెత్తికెత్తుకోవద్దు అంది. ఇంత పెద్ద దేశం ఒకరి చాటున నిలబడితే, రేపు వాళ్లు మనసు మార్చుకున్న రోజు మన గతేమిటి అని అడిగింది. నేను క్లాసులో చెప్పాలనుకుని ఏనాడూ అంత సూటిగా చెప్పలేకపోయిన మాట అది.

పెద్దాయన ముందు వరసలో కూర్చున్నాడు. "ఏంది మాస్టారూ, తమ్ముడు బాగుండాడా?" అని పలకరించాడు, అంతే. మా తమ్ముడి పొలం తగాదాలో ఆయన మాటే చెల్లుతుంది. బెదిరించాడా? లేదు. మరి నేనెందుకు లొంగాను? పల్నాడులో పుట్టినవాణ్ణి, మీరెవరి వైపు అని ఎవరూ అడక్కముందే తేల్చుకోవడం నాకు చిన్నప్పటినుంచీ అలవాటు. మొదటి బహుమతి ఆయన అబ్బాయికి ఇచ్చేశాను.

సలోమి వరండాలో ఆపింది.

"నా తప్పేంది సార్?"

"గోడమీద పిల్లిలా మాట్లాడావమ్మా. ఏదో ఒక వైపుకి దూకాలి."

"ఆ గోడ మనదే కదా సార్. ఎందుకు దూకాలి?"

క్లాసుందని చెప్పి వెళ్లిపోయాను. క్లాసు లేదు.

ఇన్నేళ్లకు మొన్న సలోమి వాళ్ల బడికి పిలిచింది. శావల్యాపురం దగ్గర చిన్న ప్రైవేటు బడి, అక్కడ సోషల్ టీచరు. పిల్లల చేత ఇదే విషయం మీద మాట్లాడించింది. ఒక పాప రెండు వైపులా మంచీ చెడూ చెప్పబోతే సలోమి మధ్యలోనే ఆపి, "ఏదో ఒక వైపు తేల్చు తల్లీ" అంది. తర్వాత నావైపు తిరిగి నవ్వింది.

"మీరు నేర్పిందే సార్. ఆ రోజు నుంచి నేను నడుమ నిలబడలా."

ఆ నవ్వులో ఎత్తిపొడుపు ఉంటే బాగుండేది. వెతికాను. లేదు. నా మాట నమ్మింది. ఆమె చదువు పోగొట్టింది చాలక, సరైన ఆలోచనను తప్పని ఆమె చేతే అనిపించాను, ఇప్పుడది ఆ పిల్లల దాకా పోయింది. అక్కడే చెప్పేయాల్సింది. టీ తాగి, శాలువా కప్పించుకుని వచ్చేశాను.

ఇప్పుడు ఫోన్‌లో ఆమె పేరు కనిపిస్తే చాలు, దాన్ని బోర్లా పెట్టేస్తున్నాను. ఆమెకు చెప్పే ధైర్యం వస్తుందా? తెలియదు. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతుల్లో లేదు. ఒక్క వాక్యం రాయనివ్వండి, కాస్త ఊపిరాడుతుంది.

ఆ రోజు గెలిచింది సలోమి.