ఇంకొక్క చిల్లు

సామ్రాజ్యాలు ఎందుకు కూలాయో లావుపాటి పుస్తకాల్లో రాసిపెట్టిన పండితులు, గుర్రపుస్వారీ క్లబ్బు వెనకున్న తోలు గది గుమ్మాన్ని మాత్రం ఎక్కడా ప్రస్తావించలేదు. ఆ లోటు ఇక్కడ పూడ్చుకుందాం. ప్రతి సోమవారం పొద్దున్నే క్లబ్బు శిక్షకుడు ఆ గుమ్మంలో నిలబడి, తలుపు చెక్క మీద గుర్రం ముక్కుపట్టీ కొసతో తట్టి, "అత్తయ్యా, ఇంకొక్క చిల్లు" అనేవాడు. ఆ అత్తయ్య నుదుటి మీదున్న కళ్లజోడు ముక్కు మీదికి దించి, చిల్లులు కొట్టే పట్టకారు అందుకుని, తోలు మీద గోటితో గుర్తు పెట్టి, టక్కుమనిపించేది. చిల్లులోంచి ఊడిన తోలు బిళ్ల మిరియపు గింజలా నేల మీదికి దొర్లేది. చరిత్ర అలా గింజగింజగా రాలుతుందని ఇద్దరికీ తెలియదు.

అత్తయ్య అన్నది మర్యాదకి పిలిచిన పిలుపు కాదు. శిక్షకుడు ఆవిడకి అల్లుడు. మిగతా క్లబ్బుకంతా ఆవిడ "పట్టీల పెద్దమ్మ". జీనులు కుట్టడం, కళ్లేలు బాగుచెయ్యడం తండ్రి దగ్గర నేర్చుకుంది. భర్త పోయాక, చంకలో కూతురితో ఈ గదిలోకొచ్చింది. ఆ కూతురు తోలు ముక్కలతో ఆడుకుని, గుర్రాల కాళ్ల మధ్య పెరిగి, చివరికి గుర్రం మీదే స్థిరపడింది. అడ్డకర్రల మీంచి గుర్రాన్ని దూకించే పోటీల్లో క్లబ్బుకి కప్పులు తెచ్చేది ఆ పిల్లే. తెప్పించేది తనేనని మొగుడి నమ్మకం. కప్పులకి నోరు లేదు కాబట్టి ఆ తగువు తేలలేదు.

గుర్రానికి మాత్రం నోరుంది. అదే వచ్చిన చిక్కు. ముక్కుపట్టీ వదులుగా ఉంటే గుర్రం నోరు తెరిచి, ఇనప కళ్లెం పెట్టే నొప్పిని తప్పించుకోవాలని చూస్తుంది. బిగిస్తే తెరవలేదు, మాట వింటున్నట్టు కనిపిస్తుంది. ఇది చాలదన్నట్టు అల్లుడు ఆ ముక్కుపట్టీ నుంచి ఛాతీకి ఇంకో తోలు తాడు కట్టి, తల కిందికి లాగి ఉంచి, కూతురు ఎక్కే గోధుమరంగు ఆడగుర్రాన్ని గంటలకొద్దీ తిప్పేవాడు. అలా తిరిగే గుర్రానికి తన గిట్టల ముందున్న ఇసుక తప్ప ఏమీ కనిపించదు. "వినయం నేర్చుకుంటోంది" అనేవాడు. వినయం పేరుతో లోకంలో జరిగే పనులు చాలావరకు ఇలాగే ఉంటాయి.

ఒక సాయంత్రం పెద్దమ్మ పట్టీకి నూనె రాద్దామని గుర్రపుశాలకి వెళ్లింది. పట్టీ అప్పుడే విప్పారు. గుర్రం ముక్కు మీద వేలు పెడితే, వేలు గుంటలోకి దిగింది. వెంట్రుకలు రాలిపోయి, ఎముక మీద గాడి పడింది. గాడి సరిగ్గా తను కోసిన పట్టీ వెడల్పు. గుర్రం బెదరలేదు, వెనక్కి తగ్గలేదు. పళ్లు మాత్రం నూరింది. రాయి మీద రాయి తిప్పినట్టున్న ఆ చప్పుడు ఇల్లు చేరాక కూడా ఆవిడ చెవిని వదల్లేదు.

సోమవారం తలుపు చప్పుడైంది.

"అత్తయ్యా, ఇంకొక్క చిల్లు."

"అయిపోయాయి అల్లుడుగారూ."

"ఏంటి, తోలా?"

"చిల్లులు."

అతను నవ్వాడు. "మీ జోకులకేం గానీ, కానివ్వండి. పోటీ దగ్గరపడింది."

"పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి. ముక్కు ఎముక మీద చూడాలి, మీలా బుగ్గ పక్కన మెత్తగా ఉన్నచోట కాదు. మా నాన్న అలాగే చూసేవాడు. ఇప్పుడు గోరు కూడా దూరట్లేదు."

"మీ నాన్నగారు ఎన్ని కప్పులు గెలిచారేంటి?"

"ఒక్కటీ లేదు. ఆయన పట్టీ కట్టిన గుర్రాలకి ముక్కులు మాత్రం ఉండేవి."

అలా మొదలైంది చిల్లుల సమ్మె. ప్రపంచ సమ్మెలన్నిటిలోకీ చిన్నది: సభ్యురాలు ఒక్కతే, కోరిక ఒక్కటే. ఊళ్లో ఇంకా తోలు పని చేసే ఇద్దరి దగ్గరికీ వెళ్లి, పట్టీ కుట్టినప్పుడు వేసినవి తప్ప కొత్త చిల్లు వెయ్యబోమని మాట తీసుకుంది. ఒకతను గుర్రాల మీద జాలితో ఒప్పుకున్నాడు, రెండో అతను అల్లుడి మీద కోపంతో. ఉద్యమానికి ఇద్దరూ కావలసినవాళ్లే. ఆదివారాలు అట్టముక్క మీద "రెండు వేళ్లు దూరాలి" అని రాసి క్లబ్బు గేటు దగ్గర నిలబడేది. కార్లలో వచ్చేవాళ్లు అద్దం దించి, హుషారుగా తమ రెండు వేళ్లు ఊపి లోపలికి వెళ్లిపోయేవారు.

క్లబ్బు కార్యదర్శి ఒకసారి కారు ఆపాడు. "పెద్దమ్మా, నువ్వు మా ఇంటిమనిషివి. ఇంటిమనిషి వీధిన పడితే బావుంటుందా?"

"లోపల చెప్తే ఎవరూ వినలేదుగా బాబూ."

"విన్నాంలే," అన్నాడు, నవ్వకుండా. "విని ఊరుకున్నాం. ఎల్లకాలం ఊరుకోం."

ఆ తర్వాత తోలు గదిలో వస్తువులు ఒక్కొక్కటే మాయమయ్యాయి. మొదట బల్బు పోయింది. తర్వాత కుర్చీ పోయింది. పట్టకారునైనా కాపాడుకుందామని ఆవిడ దాన్ని సంచిలో వేసుకుని తిరగడం మొదలెట్టింది. ఒక పొద్దున తలుపు గడియకి ఒక ముక్కుపట్టీ చుట్టి ఉంది. ఎంత బిగించారంటే, విప్పడానికి కత్తి కావలసి వచ్చింది. ఎవర్ని అడిగినా తెలియదన్నారు, అదీ చాలా మర్యాదగా. ఒక్కరైనా తిడితే ప్రాణం కుదుటపడేదేమో. ఎవరూ తిట్టలేదు.

ఆ బాధ్యత కూతురు తీసుకుంది. "నా కాపురంలో నిప్పులు పోస్తున్నావే అమ్మా. ఆయన భోజనం దగ్గర కూడా నోరు విప్పట్లేదు."

"పోనీలే, ఇన్నాళ్లకి నువ్వు ప్రశాంతంగా తింటావు."

"నీకన్నీ వేళాకోళమే!"

"వేళాకోళం కాదే పిచ్చిదానా. ముందేముందో చూడలేని గుర్రాన్నెక్కి నువ్వు కర్రల మీదికి పోతున్నావు. దాని కాలు కర్రకి తగిలితే పడేది అదొక్కటే కాదు. దాని కింద నువ్వుంటావు."

కూతురు వంగింది. చాలాసేపు బూట్ల లేసులు కట్టుకుంది, అవి కట్టి ఉన్నా సరే.

పోటీ రోజు గాలి స్తంభించింది. మైదానం చుట్టూ జెండాలు కర్రలకి అతుక్కుపోయి ఉన్నాయి. పెద్దమ్మ వెనక గేటులోంచి వచ్చేసరికి కూతురు గుర్రం ఎక్కి సిద్ధంగా ఉంది. గుర్రం గడ్డం మెడకి ఆనుకుని ఉంది. పెదాల దగ్గర నురగ తెల్లగా లేదు, లేత గులాబీ రంగులో ఉంది. ముక్కుపట్టీ మీద, తను వేసిన ఆఖరి చిల్లు దాటాక, ఇంకో చిల్లు కనిపించింది.

అది మేకుతో పొడిచింది. పట్టకారు తోలుని కొరికి తీసేస్తుంది, అంచు గుండ్రంగా నిలుస్తుంది. మేకు దేన్నీ తీయదు, తోలుని చీల్చుకుని పోతుంది. లాగినకొద్దీ చీలిక సాగుతుంది. ఇక్కడ అప్పుడే సన్నటి గీత బయల్దేరింది. తలని కిందికి పట్టి ఉంచే తోలు తాడు ఆ పట్టీకే వేలాడుతోంది. దూకే ఊపులో పట్టీ తెగిందంటే, వంచిపెట్టిన ఆ తల ఒక్కసారిగా పైకి లేస్తుంది. ముందుకి వంగిన రౌతు ముఖం ఉండేది సరిగ్గా అక్కడే. సమ్మె వల్ల చిల్లు ఆగలేదు, మంచి చిల్లు ఆగింది.

"వచ్చారా అత్తయ్యా?" అల్లుడు ఆవిడ సంచి వైపు చూశాడు. "పట్టకారు తెచ్చినట్టున్నారే. దీని అంచు కాస్త గుండ్రంగా కొరికి ఇవ్వండి. ఎక్కేది మీ అమ్మాయే కదా."

చాలా నెమ్మదిగా అన్నాడు. ఆవిడ చెయ్యి దానంతటదే సంచిలోకి పోయింది. ఒక్క టక్కుతో కూతురి ముఖం దక్కుతుంది. ఆ టక్కుతోనే గుర్రానికి ఆ బిగింపు ఖాయమైపోతుంది, వచ్చే సోమవారం తలుపు మళ్లీ మోగుతుంది. పట్టకారు పిడి వేళ్లకి చల్లగా తగిలింది. ఆవిడ చెయ్యి ఖాళీగా బయటికి తీసింది.

"ఆ చిల్లు నాది కాదే," అంది కూతురితో. "మేకుతో పొడిచారు. చీలుతోంది. నేను దాన్ని ముట్టుకోను."

కూతురు వంగి పట్టీ చూసింది. మొగుణ్ణి చూసింది. మైకులో తన నంబరు పిలిచారు. గుర్రాన్ని మైదానంలోకి నడిపింది.

గంట మోగింది. గుర్రం కదిలింది. గుర్రానికి నోటితో ఊపిరి తీసుకోవడం చేతకాదు, ముక్కే దిక్కు. నొక్కుకుపోయిన ఆ ముక్కులోంచి వచ్చే ఈల కంచె దాకా వినిపించింది. మొదటి అడ్డకర్ర వైపు వేగం అందుకుంది. పెద్దమ్మ రెండు చేతులతో కంచె పట్టుకుంది, కళ్లు మూసుకోవడం మాత్రం చేతకాలేదు. దూకాల్సిన చోటు వచ్చేసింది. అక్కడ కూతురు పగ్గం పక్కకి లాగి, గుర్రాన్ని మళ్లించి, మైదానం మధ్యలో ఆపి, కిందికి దిగింది. అందరూ చూస్తుండగా ముక్కుపట్టీ వదులు చేసింది. గుర్రం నోరు బార్లా తెరిచి, తల విదిలించి, గట్టిగా చీదింది.

"రౌతు దిగినందున పోటీ నుంచి తొలగించడమైనది," అంది మైకు.

గేటు దగ్గర అల్లుడి ముఖం పాలిపోయి ఉంది. "మతి పోయిందా నీకు?"

"అమ్మ కొట్టని చిల్లంటే నాకు భయం," అంది కూతురు.

ఆ భయం గుర్రం కోసం కూడానా అని అడుగుదామనుకుంది పెద్దమ్మ. అడగలేదు. అల్లుడు కూడా ఇంకో మాట అనలేదు. ఆ అననిది పోగుపడుతున్న తీరు చూస్తే, ముందు ముందు చాలా రోజులకి సరిపడేలా ఉంది. ఆవిడ సంచి భుజాన తగిలించుకుని, తల ఎత్తుకుని, బస్సు స్టాపు వైపు నడిచింది.

ఆ వేళకి ఆ దారిలో బస్సు లేదు. అల్లుడి కారులోనే, వెనక సీట్లో కూర్చుని ఇంటికి వెళ్లింది.