కేళీ దుబ్బు

మా ఇంట్లో కోపం నాది. పాలివ్వని బర్రెను కొట్టేవాడిని, మొరాయించిన మోటారును తన్నేవాడిని. కాలు వాచినా మళ్లీ తన్నేవాడిని. నా భార్య మీద మాత్రం ఆ యాసంగి పంట దాకా చేయి ఎత్తలేదు. ఎత్తిన రోజు ఆమె ఎముక విరిగింది.

నేరేడుచర్ల దగ్గర మా రెండెకరాల్లో విత్తనాల కోసం వరి వేశాం. విత్తనపు పొలంలో వేరే రకం దుబ్బులు కనిపిస్తే విత్తనాలు కొనేవాళ్లు పంట వద్దంటారు. వాటిని కేళీలంటాం, ఏరి పారేయాలి. అప్పటికే చలికీ మంచుకీ అగ్గితెగులు తగిలి ఆకుల నిండా మచ్చలు. మిర్యాలగూడ నుంచి మందు తెచ్చి మూడుసార్లు కొట్టినా తగ్గలేదు. ఆ పొద్దున ఇద్దరం మడిలో దిగాం. పొడుగ్గా, ముదురు పచ్చగా ఉన్న ఒక దుబ్బు దగ్గర ఆమె ఆగిపోయింది.

“సూడు, సుట్టూ అంత మాడిపాయె. దీనికి ఒక్క మచ్చ లేదు. ఉండనియ్యి.”

“కేళీని ఉంచుమంటవా? పీకు.”

“పీకను.”

తెగులు మీది కసంతా ఆ ఒక్క మాట మీదికి మళ్లింది. దుబ్బును వేళ్లతో సహా పెరికి ఆమె ముఖాన కొట్టాను. బురదలో పడినదాన్ని ఆమె అందుకోబోయింది. ఒడ్డు మీది పార తీసి, దాని కర్ర కామతో ఆ చేతి మీద వేశాను. మణికట్టు విరిగిన చప్పుడు నాకు వినిపించింది.

సూర్యాపేట దవాఖానలో ఒడ్డు మీద జారిపడిందని చెప్పాను. ఆమె కాదనలేదు. కట్టు కట్టించుకుని, బయటికొచ్చి, ఆత్మకూరులో తమ్ముడింటికి పోయే ఆటో ఎక్కింది.

గింజ పాలు పోసుకునే వేళకు వెన్నుల మెడలు నల్లబడి విరిగాయి. మడంతా తాలు. కొడవలి పట్టుకుని దిగి, దొరికిన పైరునల్లా నరికాను. పిక్క తెగి నెత్తురు కారుతున్నా ఆగలేదు. నరుక్కుంటూ బోరు దగ్గరికి వచ్చేసరికి ఎదురుగా ఆ దుబ్బు, గింజ పట్టి వంగి ఉంది. ఆ రోజు దవాఖానకు పోవడానికి నేను ఆటో కోసం పోయిన కాసేపట్లో, ఆమె విరిగిన చేయి ఒళ్లో పెట్టుకుని, ఎడమ చేత్తో నాటినట్టుంది. కొడవలి పారేసి అక్కడే కూర్చుని ఏడ్చాను.

పండాక ఆ వెన్నులు కోదాడలో విత్తనాలు తెలిసిన ఒకాయనకు చూపించాను.

“తట్టుకునే గుణం దీని పుట్టుకలోనే ఉందండీ. ఎన్ని మందులు కొట్టినా పక్కదానికి రాదు,” అన్నాడు.

వెన్నులను తువాలులో మూటగట్టి ఆత్మకూరు పోయాను. ఆమె మణికట్టు వంకరగా అతుక్కుంది. నేను దగ్గరికి పోగానే ఆ చేయి వెనక్కి పెట్టుకుంది. తప్పు నాదేనన్నాను. మూట విప్పి చూసింది.

“ఇవి నేను మా తమ్ముని మడిల అలుకుత. ఇత్తనాలు గావాలంటే పంపిస్త. నేను రాను.”

రెండేళ్లకు ఆమె పంపిన విత్తనాల సంచి వచ్చింది. ఈ యాసంగి మా మడి నిండా ఆ వరే. పక్క పొలాలు మాడుతున్నా దీనికి మచ్చ లేదు. కేళీలు ఏరడానికి ఒక్కడినే దిగుతాను. వేరుగా ఉన్న దుబ్బు కనబడితే ముందు నిలబడిపోతాను. పీకడానికి చేయి రాదు.