అటక మీది తుఫాను తెరచాప

మా ఆయన ఒక ముసలి సాబ్ దగ్గర పడవ చూసుకుంటాడు. చేపల పడవ కాదు, తెరచాపలతో నడిచే చిన్న యాట్. గేట్‌వే రేవు పక్కన నీళ్లలో లంగరేసి ఉంటుంది. తాతల కాలం నుంచి ఇటుకలు, సున్నం మోసిన ఇంట్లో పుట్టిన మనిషికి పడవ పని ఎక్కడిదని మేముండే కామాటిపురలో అందరూ అడిగారు. గేట్‌వే దగ్గరి పడవల క్లబ్బు గోడకు ప్లాస్టరు వేయడానికి పోయాడు, పడవ తుడిచే మనిషి కావాలంటే సరే అన్నాడు, అంతే. ఈత మాత్రం ఇప్పటికీ సరిగ్గా రాదు.

నేను నాగ్‌పాడా వైపు ఒక కార్ఖానాలో టార్పాలిన్లు కుడతాను. అందుకని ఆ పడవ తెరచాపలు చినిగితే నా దగ్గరికే వస్తాయి. మందం గుడ్డ, మైనం పట్టించిన దారం, లావు సూది. చేతికి అలవాటైన పనే.

ఆ తెరచాపల్లో ఒకటి అన్నిటికంటే చిన్నది, అన్నిటికంటే మందం. నారింజ రంగు. విప్పి పరిస్తే నా చీరంత కూడా ఉండదు. సముద్రం మీద గాలికి పిచ్చెక్కినప్పుడు పెద్ద తెరచాపలన్నీ దించేసి, దీన్నొక్కదాన్నే పడవ ముందువైపు కడతారట. పెద్దవి ఉంచితే పడవ పల్టీ కొడుతుంది. అసలేమీ కట్టకపోతే మాట వినదు, గాలి ఎటు తోస్తే అటు రాళ్ల మీదికి పోతుంది. ఈ చిన్న గుడ్డ ఉంటే ముక్కు తిప్పుకొని ఒడ్డుకు రావచ్చు. మా ఆయన ఇదంతా అన్నం తింటూ చెప్పాడు. నేను సగమే విన్నాను.

ఆ ఏడు వానాకాలానికి ఇంకా నెలుందనగా దాన్ని ఇంటికి తెచ్చాడు. ఉప్పుకి ఇత్తడి కొక్కేలు పచ్చబడ్డాయి, అంచు కుట్టు ఎండకు పొడిపొడిగా రాలుతోంది. నల్లా దగ్గర మా వంతు వచ్చినప్పుడు మంచినీళ్లలో రెండుసార్లు ముంచి ఉప్పు వదిలించాను. వరండాలో నీడకు ఆరేశాను. పాత కుట్టంతా విప్పి మూడు వరసలు కొత్తగా వేశాను. చెప్పుకోకూడదు గానీ కొత్తదానికంటే బాగా కుదిరింది.

అక్కడే నా బుద్ధి అడ్డం తిరిగింది. మాది వరస గదుల చాలీలో ఒక్క గది. రోజూ వాడేవి కింద ఉంటాయి, ఎప్పుడో కష్టానికో శుభానికో పనికొచ్చేవి అటకెక్కుతాయి. ఆ అటకనే మేము పోట్‌మాలా అంటాం. పెళ్లినాటి ఇత్తడి గుండిగలు, బొంతలు, మా అత్త దాచిన పట్టుచీర అన్నీ పైనే. వస్తువు ఎంత విలువైనదైతే అంత లోపలికి తోస్తాం. మా చాలీలో ఏ ఆడదానికీ ఇంకో పద్ధతి తెలియదు. నేను కూడా ఆ తెరచాపను చక్కగా మడిచి, మధ్యలో కర్పూరం బిళ్లలు వేసి, పూల చీరలో గట్టిగా మూటకట్టి గుండిగల వెనక దాచాను.

"పడవల పెట్టాలె గద?" అన్నాడు మా ఆయన.

"గంత మంచిగ కుట్టిన. ఆడ తేమకు బూజు పడ్తది, ఎల్కలు కొడ్తయి. గాలి లేదు, వాన లేదు, గిప్పుడేం జల్దీ? పోట్‌మాలా మీద ఉండనీ. పానం లెక్క జూస్కుంట."

"సాబ్ అడుగుతడే."

"అడిగిననాడు తీస్కపో."

నాతో వాదించి గెలిచినవాడు మా ఇంట్లో ఎవరూ లేరు. రేపు తీసుకుపోతా, రేపు తీసుకుపోతా అంటూనే రెండు వారాలు గడిపాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం సాబ్, మా ఆయన ఇద్దరే పడవ మీద బయటికి వెళ్లారు. మూడు గంటలకు ఉన్నట్టుండి ఆకాశం నల్లబడింది. వరండాలో ఆరేసిన బట్టలు ఎగిరి గల్లీలో పడ్డాయి. పక్కింటి రేకు ఊడింది. తలుపు మూయబోతూ అటక మీది గుండిగలు చూశాను. వాటి వెనక ఏముందో గుర్తొచ్చింది.

ఫోన్ చేశాను. కలవలేదు. మళ్లీ మళ్లీ చేశాను. స్టూలు వేసి, గుండిగలు ఒక్కొక్కటీ దించి, బొంతలు లాగి పడేసి మూట తీశాను. ఫోరస్ రోడ్ మీద టాక్సీ ఎక్కి గేట్‌వేకు పోయాను.

సముద్రం మీద ఉన్న మనిషికి ఒడ్డున మూట పట్టుకొని నిలబడితే ఏం ఒరుగుతుంది? ఏమీ ఒరగదు. అది నాకూ తెలుసు. ఇంట్లో కూర్చోలేక పోయాను, అంతే. ఇంతకుముందు పేరెత్తని దేవుళ్లకు కూడా మొక్కాను. వాళ్లు పలక్కపోతే తిట్టాను. గంటన్నర అయ్యాక ఒక చేపల లాంచీ వాళ్ల పడవను తాడు కట్టి లాక్కొచ్చింది. పెద్ద తెరచాప పీలికలైంది. సాబ్ వణుకుతూ కూర్చున్నాడు. మా ఆయన రెండు చేతులకూ తువ్వాలు చుట్టుకొని ఉన్నాడు.

సాబ్ నా చేతిలోని మూటను చూశాడు. నారింజ రంగు కొస బయటికి వచ్చి ఉంది. అది ఇంట్లోనే ఉండిపోయిందని సాబ్‌కు అర్థమైంది.

"దీన్ని ఇంట్లో బయటికి తీయడానికి ఎంతసేపు పట్టింది?" అని హిందీలో అడిగాడు.

"పావుగంట."

"అక్కడ మాకు దొరికింది రెండు నిమిషాలే."

కోప్పడలేదు. కోప్పడి ఉంటే నేనూ నాలుగు మాటలని తేలికపడేదాన్ని. ఇది పడవ అరలో అన్నిటికంటే పైన ఉండాలి, లాగే తాళ్లు ముందే కట్టి ఉండాలి, నెలకోసారి గాలి లేని రోజున ఎక్కించి చూడాలి అని మాత్రం చెప్పాడు. ఇప్పుడు అలాగే జరుగుతోంది.

ఆ సాయంత్రం ఇంట్లో తువ్వాలు విప్పి చూశాను. గాలిలో పెద్ద తెరచాపను దించబోతే తాడు జారి రెండు అరచేతుల తోలూ లేచిపోయింది. పసుపు పెట్టి కట్టాను. అన్నం కలిపి నేనే తినిపించాను. నాలుగు ముద్దలయ్యాక తనంతట తనే చెప్పాడు.

"సాబ్ తుఫాన్‌ది తీయమని ఒర్రిండు. నేను అరల చెయ్యి పెట్టి ఎతికిన. సంచులన్నీ బయటేసి ఎతికిన."

"లేదని ఎర్కనే గద. ఎందుకు ఎతికినవ్?"

"నువ్వు పోట్‌మాలా మీద పెట్టినవని సాబ్‌కు ఎట్ల జెప్పాలె?"

వాళ్లకున్న రెండు నిమిషాలూ అలా పోయాయి. పెద్ద తెరచాప చినిగింది అప్పుడే.

"నీకు బుద్ధున్నదా? సచ్చిపోతుంటివి గద!" అని అరిచాను. అరుస్తూనే ఏడుపొచ్చింది. ఆయన నోరు తెరిచి తర్వాతి ముద్ద కోసం చూస్తున్నాడు.