మెత్తటి తిండి

మా సుబ్బరత్నమ్మ మేడంది కోయిలకుంట్ల. కర్నూలులో మాకు, అంటే స్పీచ్ థెరపీ పీజీ పిల్లలకు, మింగడం గురించి పాఠం చెప్పేవారు. మింగడానికి కూడా పాఠమా అని నవ్వుకున్నవాళ్లలో నేనే మొదటిదాన్ని. మొదటి రోజే తలా గుక్కెడు నీళ్లిచ్చి, గొంతు మీద వేలు పెట్టుకుని మింగమన్నారు. వేలి కింద గొంతుముడి లేచి దిగింది. ఆ లేవడం కాస్త ఆలస్యమైనా నీళ్లు ఊపిరి గొట్టంలోకి పోతాయట. మింగాక పేషెంటుతో ఒక మాట మాట్లాడించాలని, గొంతు గుడగుడమంటే దారి తప్పినట్టేనని పదేపదే చెప్పేవారు.

వార్డులో నాకు అప్పగించిన మనిషి నరసన్న. కోసిగి వైపు రైతు. పక్షవాతం వచ్చి ఇరవై రోజులుగా ముక్కులో గొట్టంతోనే ఉన్నాడు. దాన్ని తీసేసి నోటితో తిననివ్వమని భార్య భీమక్క రోజూ నా చేతులు పట్టుకునేది. పరీక్ష చేశాను. చెంచాడు చిక్కటి జావ బాగానే మింగాడు. గొట్టం తీయించి, చీటీ మీద ‘మెత్తటి తిండి మాత్రమే’ అని రాసిచ్చి, ఏదో ఘనకార్యం చేసినట్టు హాస్టల్‌కు పోయాను.

మరునాడు మధ్యాహ్నం అతనికి పొలమారి ఊపిరాడలేదు. చావు తప్పింది గానీ నెమ్ము చేసింది, గొట్టం మళ్లీ ముక్కులోకి ఎక్కింది. భీమక్క రాగిసంగటి పెట్టిందట. నాకు ఒళ్లు మండిపోయింది. మెత్తటిది పెట్టమంటే వినపడలేదా అని వార్డంతా వినేలా అరిచాను. ఆమె ఏడవలేదు.

“సంగటి కంటే మెత్తంది మా ఇంట్లో యాడుండాది తల్లీ?” అంది.

మర్నాడు మేడం క్లాసుకు గిన్నెలో సంగటి తెచ్చారు. నిమ్మకాయంత ముద్ద చేసి, పులుసులో ముంచి నా చేతిలో పెట్టి, నమలకుండా మింగమన్నారు. గోదావరి జిల్లాలో అన్నం తిని పెరిగినదాన్ని, నాకేం తెలుసు? ముద్ద గొంతుకు అడ్డం పడి కళ్లమ్మట నీళ్లొచ్చాయి.

“ఈడ సంగటి ఎవరూ నమలరు ప్రణీతా. నువ్వు మెత్తందని రాసినావు, ఆయమ్మ మెత్తందే పెట్టింది.”

సిగ్గుతో చచ్చిపోయాను. పోయి భీమక్కతో తప్పు నాదేనని చెప్పాను. ఆమె నా వైపు చూడనైనా లేదు. నెమ్ము తగ్గాక రెండు వారాలు, గడ్డం రొమ్ముకు ఆనించి మింగడం నరసన్నకు నేర్పించాం. ఈసారి చీటీ రాయలేదు. రాగిజావ ఎంత చిక్కగా కాయాలో, చెంచాలో ఎంత తీయాలో భీమక్క చేతే చేయించి చూశాం.

ఆమె చెంచా అందించింది. నరసన్న గడ్డం దించాడు. నా వేలి కింద గొంతు లేచింది, దిగింది. ఇక అతను మాట్లాడాలి.

“ఎట్లుండాది నరసన్నా?” అని మేడం అడిగారు.

“ఉప్పు తక్కువైండాది” అన్నాడు.

గొంతులో గుడగుడ లేదు. ఆ రోజు నేనంత అరిచినా ఏడవని భీమక్క, ఆ మాటకు ఏడ్చింది. నేనూ ఏడ్చాను, చెప్పుకోవడానికి సిగ్గేముంది.